సైనిక ఆసుపత్రుల న్యూరాలజిస్టుల నైపుణ్యాన్ని రోగి మంచం దగ్గరే అంచనా వేయాలని కోరుతూ వినతిపత్రం

గౌరవనీయులైన సాయుధ దళాల వైద్య సేవల డైరెక్టర్ జనరల్ గారికి,
రక్షణ మంత్రిత్వ శాఖ, న్యూఢిల్లీ.

ద్వారా: గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారు, డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా, అమలాపురం.

విషయం: సైనిక ఆసుపత్రుల్లో పనిచేస్తున్న న్యూరాలజిస్టుల వైద్య నైపుణ్యాన్ని నిర్ణీత కాలానికొకసారి రోగి సమక్షంలో పరీక్షించాలని, నరాల జబ్బుల విషయంలో మెడికల్ బోర్డు ఇచ్చే అభిప్రాయానికి కారణాలు రాయించాలని విన్నపం.

ఆర్యా,

కొత్తపేట మండలం పలివెలలోనూ, చుట్టుపక్కల గంటి, వానపల్లి, అవిడి, మందపల్లి ఊళ్లలోనూ ఉంటున్న మాజీ సైనికులం, ఇప్పుడు సర్వీసులో ఉన్నవాళ్ల తల్లిదండ్రులం, భార్యలం కలిసి చేసుకుంటున్న విన్నపం ఇది. ఉమా కొప్పులింగేశ్వరస్వామి గుడి వల్ల మా ఊరి పేరు చాలామందికి తెలుసు. ఈ కొబ్బరితోటల్లోంచి పట్టాలు, పతకాలు ఆశించకుండా బండెడు బరువు భుజాన వేసుకుని సరిహద్దుకు వెళ్లిన పిల్లల సంగతి అంతగా తెలియదు. కాగితం రాసే పని ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా చేసి రిటైరైన నాకు అప్పజెప్పారు. వార్డుల్లో రాత్రి డ్యూటీలు చేసినవాణ్ణి కాబట్టి డాక్టర్ల కష్టం నాకు తెలుసు. రోగి బంధువుల కష్టం రిటైరై ఇంటికి వచ్చాక తెలిసింది.

మేం అడిగేది ఇదీ. న్యూరాలజిస్టుకు ఉన్న డిగ్రీ, హోదా, సీనియారిటీ చూసి సరిపెట్టకండి. ఆయన రోగిని ఎలా పలకరిస్తున్నారు, ఏం అడుగుతున్నారు, ఒంటిని ఎలా పరీక్షిస్తున్నారు, దాన్నుంచి ఏ నిర్ణయానికి ఎలా వస్తున్నారు అన్నది అర్హత ఉన్నవాళ్లు పక్కన నిలబడి చూడాలి. చదువు పూర్తయిన రోజున ఒకసారి చూస్తే చాలదు, సర్వీసు ఉన్నన్నాళ్లూ చూస్తూ ఉండాలి. మా పిల్లల యూనిఫాం ఉండేదీ పోయేదీ, పింఛను వచ్చేదీ రానిదీ ఆ డాక్టరు గారు రాసే నాలుగు వరుసల మీద ఆధారపడి ఉంది.

ఒక కుటుంబం సంగతి చెబుతాం. ఊరు, పేరు, ఆసుపత్రి రాయడం లేదు. ఈ కాగితం ఏ ఒక్కరి మీదా ఫిర్యాదుగా మారడం మాకు ఇష్టం లేదు. ఆయన హవల్దారు. సంక్రాంతి సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు తెల్లవారుజామున నిద్రలో ఫిట్స్ వచ్చింది. పక్కన పడుకున్న భార్య లేచి దీపం వేసి చూసింది. ముందు ఎడమచేతి బొటనవేలు లాగడం మొదలైంది. తర్వాత మణికట్టు, మోచెయ్యి బిగుసుకున్నాయి. మూతి ఎడమపక్కకు తిరిగింది. ఆ తర్వాతే ఒళ్లంతా కొట్టుకుంది. అత్తగారు పరుగెత్తుకొచ్చి తాళాలగుత్తి చేతిలో పెట్టింది, ఇంకెవరో ఉల్లిపాయ నలిపి ముక్కు దగ్గర పెట్టారు. కాసేపటికి తేరుకున్నాడు. ఎడమచెయ్యి మాత్రం పొద్దెక్కేదాకా స్వాధీనంలోకి రాలేదు. యూనిట్‌కు వెళ్లాక మళ్లీ వచ్చింది. ఆసుపత్రిలో పెట్టారు. కేస్ షీటు మీద ‘జనరలైజ్డ్ సీజర్’ అని పడింది. ఆ తర్వాత అన్నీ వరసగా జరిగిపోయాయి: వైద్య కేటగిరీ తగ్గించారు, ఆయుధం ముట్టుకోనివ్వలేదు, కొన్నాళ్లకు బోర్డు పెట్టి ఇంటికి పంపేశారు. కాగితం మీద ఎన్ఏఎన్ఏ అని రాశారు. జబ్బు సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరలేదు అని దాని భావం. ఫౌజీ ఇళ్లల్లో ఆ నాలుగక్షరాలు వింటే గుండె జారిపోతుంది.

మొదటిసారి ఫిట్స్ రావడానికి కొన్నేళ్ల ముందు కాన్వాయ్‌లో లారీ బోల్తా పడి ఆయన తలకు కుడివైపు దెబ్బ తగిలింది. కుట్లు వేశారు. ఆ మచ్చ ఇప్పటికీ జుట్టు పక్కకు తీస్తే కనబడుతుంది. ఫిట్స్ చూసిన భార్యను ఆసుపత్రిలో ఎవరూ ఏమీ అడగలేదు. “అడిగితే చెప్పేదాన్ని కదండీ, ఎడం చెయ్యే ముందు లాగిందని” అంటుంది ఆవిడ. ఆ మాట విలువ న్యూరాలజీ చదివిన ప్రతివారికీ తెలుసు. ఎడమచేతిని నడిపేది మెదడు కుడిభాగం. ఫిట్స్ ఒక వేలి దగ్గర మొదలై పైకి పాకిందంటే అది మెదడంతా ఒకేసారి పుట్టినది కాదు, ఒక చోట మొదలై విస్తరించినది. ఆ చోట పాత గాయం మచ్చ ఉండొచ్చు. మన దేశంలో తరచుగా కనబడే బద్దెపురుగు తిత్తి ఉండొచ్చు, అది మందులతో తగ్గేది. గడ్డ ఉండొచ్చు. ఏదీ లేకనూ పోవచ్చు. ఆ హవల్దారు మూర్ఛకు లారీ ప్రమాదమే కారణమని మేం తేల్చి చెప్పడం లేదు, అది చెప్పడానికి మేం డాక్టర్లం కాదు. ఆ ప్రశ్న అడగవలసినవాళ్లు అడగలేదని మాత్రం చెబుతున్నాం.

తల గాయానికీ ఏళ్ల తర్వాత వచ్చే మూర్ఛకూ సంబంధం ఉందన్నది పాత సంగతే. వియత్నాం యుద్ధంలో తలలోకి గాయాలు దిగిన 421 మంది అమెరికన్ సైనికులను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చి, వాళ్లలో సగానికి పైగా మూర్ఛ బారిన పడ్డారని 1985లో ప్రకటించారు. కొందరికి గాయమైన ఎన్నో ఏళ్లకు గానీ మొదటి ఫిట్స్ రాలేదు. తలలోకి దిగిన గాయానికీ లారీ బోల్తా దెబ్బకూ తేడా ఉన్నమాట నిజమే. దెబ్బ తీవ్రతను బట్టి ముప్పు మారుతుంది. ఆ తీవ్రతను కొలిచి చూడడమే కదా న్యూరాలజిస్టు పని.

స్కాన్లు ఉన్నాయి కదా, ఈఈజీ ఉంది కదా అని ఎవరైనా అనవచ్చు. ఫిట్స్ లేని సమయంలో తీసిన ఈఈజీ మామూలుగా వచ్చినంత మాత్రాన మూర్ఛ లేదని చెప్పలేరు. ఎమ్మారైలో చిన్న మచ్చ కనబడాలంటే ఎక్కడ వెతకాలో ముందు తెలియాలి. అది చెప్పేది రోగి, చూసినవాళ్లు, డాక్టరు చేతి పరీక్ష. నేను పనిచేసిన ఒక వార్డులో ఒక కల్నల్ గారు ఉండేవారు. ఆయన రోగిని మంచం మీద పడుకోబెట్టి చూడడం మొదలుపెట్టేవారు కాదు. వార్డు గుమ్మం దగ్గర్నుంచి నడిచి రమ్మనేవారు. వెనక్కి తిరిగేటప్పుడు ఎన్ని అడుగులు వేస్తున్నాడో, ఏ చెయ్యి ఊగడం లేదో చూసేవారు. చొక్కా గుండీలు విప్పి పెట్టుకోమనేవారు. ట్యూనింగ్ ఫోర్కు మోగించి కాలి బొటనవేలి కణుపు మీద ఆనించి, అదురు ఆగిన క్షణం చెప్పమనేవారు. అదే ఫోర్కు తన వేలి మీద పెట్టుకుని ఇంకా అదురుతోందా లేదా చూసుకునేవారు. పాదం అడుగున గీసి బొటనవేలు పైకి లేస్తుందా కిందికి వంగుతుందా అని వంగి చూసేవారు. అప్పటికి గానీ స్కాన్ కాగితం మీద సంతకం పెట్టేవారు కాదు. ఒక్కో రోగికి ముప్పావుగంట పట్టేది. మిగతావాళ్లం విసుక్కునేవాళ్లం. ఆయన పోస్టింగు మీద వేరే చోటికి వెళ్లాక ఆ వార్డులో రోగులు ఆయన కోసం అడిగేవారు.

అలాంటి డాక్టర్లు సైనిక ఆసుపత్రుల్లో ఎందరో ఉన్నారు. 1962 యుద్ధం తర్వాత ఎత్తైన కొండల మీద మన సైనికులు పడిన బాధను ఇందర్ సింగ్ గారూ వారి తోటి సైనిక వైద్యులూ శ్రద్ధగా పరిశీలించి రాశారు. 1,925 మంది సైనికుల అనుభవం మీద ఆ వ్యాసం 1969లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది, ఎత్తుల జబ్బు గురించి చదివే డాక్టర్లు ఇప్పటికీ దాని దగ్గరకు వెళతారు. కొందరిలో మెదడు వాచిపోవడాన్నీ వాళ్లు గుర్తించారు. 1984 నుంచి సియాచిన్‌లో మన జవాన్లు ఉంటున్నారు. అంతటి ఎత్తులో చాలాకాలం గడిపినవాళ్లకు మెదడులో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుందని రాసినవాళ్లలో మన సైనిక వైద్యులూ ఉన్నారు. ఇంకా వెనక్కి వెళితే, తుపాకి గుండు తగిలి నరం దెబ్బతిన్నప్పుడు పుట్టే మంట నొప్పిని 1864లో వివరించినది అమెరికా అంతర్యుద్ధ సైనికులకు వైద్యం చేసిన వియర్ మిచెల్. న్యూరాలజీలో చాలా సంగతులు సైనికుల ఒళ్ల మీద నేర్చుకున్నవే. మేం సైనిక వైద్యాన్ని తక్కువ చేయడానికి ఈ విన్నపం పెట్టడం లేదని తమరు గ్రహించాలి. ఆ పేరుకు తగ్గ పరీక్ష ప్రతి ఆసుపత్రిలోనూ జరగాలన్నదే మా తాపత్రయం.

ఇది వైద్యంతో ఆగిపోయే విషయమూ కాదు, చట్టంలోకి పోతుంది. ధరమ్‌వీర్ సింగ్ అనే సిపాయి 1985లో సైన్యపు సమాచార విభాగమైన సిగ్నల్స్‌లో చేరారు. మూర్ఛ ఉందని 1994లో ఇంటికి పంపేశారు, వికలాంగత 20 శాతం అన్నారు, సర్వీసుతో సంబంధం లేదని పింఛను నిరాకరించారు. ఆయన కేసు సుప్రీంకోర్టులో 2013 జూలై 2న తేలింది. చేరేటప్పుడు జబ్బు ఉన్నట్టు రాయనప్పుడు అది సర్వీసులోనే వచ్చిందని భావించాలని, కాదనేవాళ్లు కారణం చూపాలని, బోర్డు తన అభిప్రాయానికి కారణాలు రాయలేదని కోర్టు చెప్పింది. 1994 నుంచి 2013 అంటే పందొమ్మిదేళ్లు. 2015లో రాజ్‌బీర్ సింగ్ తదితరుల కేసుల్లో సుప్రీంకోర్టు అదే మాట మళ్లీ చెప్పింది. అందులోనూ మూర్ఛ ఉంది. 2023లో పింఛను అర్హత నిబంధనలు మార్చారు. పాత నిబంధనైనా కొత్త నిబంధనైనా, కోర్టు చూసేది డాక్టరు రాసిన కాగితాన్నే. ఆ కాగితంలో పరీక్ష సరిగా లేకపోతే నిబంధన ఎంత మంచిదైనా జవానుకు న్యాయం దొరకదు. పరీక్ష సరిగా ఉంటే, జవాను కోరిన పింఛను రాని పక్షంలోనూ, ఎందుకు రాలేదో ఇంట్లోవాళ్లకు అర్థమవుతుంది.

డాక్టర్లకు పరీక్షలు లేవని మేం అనడం లేదు. న్యూరాలజీలో డీఎం లాంటి సూపర్ స్పెషాలిటీ చదువు చెయ్యాలి. గ్రేడెడ్ స్పెషలిస్టు, క్లాసిఫైడ్ స్పెషలిస్టు, సీనియర్ అడ్వైజర్ అని మెట్లున్నాయి. 2002 నాటి వైద్య మండలి నియమావళి ప్రకారం ప్రతి డాక్టరూ అయిదేళ్లకు 30 గంటల వైద్య సదస్సుల్లో కూర్చోవాలి. సదస్సులో కూర్చున్న గంటలు లెక్కపెడితే రోగి దగ్గర ఆయన ఏం చేస్తున్నారో తెలియదు. జార్జ్ మిల్లర్ అనే వైద్య విద్యావేత్త 1990లో ఇదే తేడా చెప్పారు. తెలియడం ఒక మెట్టు, ఎలా చెయ్యాలో తెలియడం మరో మెట్టు, చేసి చూపడం దానిపై మెట్టు. రోజూ నిజంగా చెయ్యడం అన్నిటికన్నా పైది. రాత పరీక్ష అడుగు మెట్లనే కొలుస్తుంది. అమెరికాలో న్యూరాలజీ శిక్షణలో ఉన్న డాక్టరు బోర్డు పరీక్షకు అర్హత పొందాలంటే పరీక్షకుడి కళ్లముందు అయిదు రకాల రోగులను చూసి చూపాలి: ఐసీయూలో ఉన్నవారు, నరాలు-కండరాల జబ్బువారు, ఓపీకి వచ్చినవారు, మెదడు క్రమంగా క్షీణిస్తున్నవారు, పిల్లలు. చూసే పని అక్కడ శిక్షణతో ముగుస్తుంది. మేం దాన్ని సర్వీసంతా కొనసాగించమంటున్నాం.

కాగితాల మీద జరిగే మదింపు ఎంత గుడ్డిదో బ్రిటన్‌లో తేలింది. అక్కడ 2012 డిసెంబరు నుంచి ప్రతి డాక్టరూ ఏటా మదింపు చేయించుకుని అయిదేళ్లకోసారి లైసెన్సును ఖరారు చేయించుకోవాలి. అయినా ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో ఒక న్యూరాలజిస్టు చూసిన రోగుల్లో 2,500 మందిని 2018 మేలో ఆసుపత్రివాళ్లు వెనక్కి పిలిచి మళ్లీ పరీక్షించాల్సి వచ్చింది. దాదాపు అయిదుగురిలో ఒకరి జబ్బు నిర్ధారణ నిలబడలేదు. మూర్ఛ లేనివాళ్లు ఏళ్ల తరబడి మూర్ఛ మందులు మింగారు. దాని మీద ఏర్పాటైన స్వతంత్ర విచారణ సంఘం 2022 జూన్‌లో నివేదిక ఇచ్చింది. ఏటేటా జరిగిన మదింపులు, తోటివారి సందేహాలు, రోగుల ఫిర్యాదులు ఎవరి ఫైల్లో వాళ్ల దగ్గర ఉండిపోయాయి, ఒకచోట పెట్టి చూసినవాళ్లు లేరు. పౌర ఆసుపత్రిలోనే ఇలా జరిగితే, పై అధికారిని కింది అధికారి ప్రశ్నించడానికి హోదా అడ్డొచ్చే సైనిక ఆసుపత్రిలో ఇంకా జాగ్రత్త అవసరం. కల్నల్ గారు రాసినదాన్ని మేజర్ గారు సరిదిద్దడం ఎంత కష్టమో యూనిఫాం వేసుకున్న ప్రతివాడికీ తెలుసు. అందుకే పరీక్షించేవాళ్లలో కనీసం ఒకరు బయటివారై ఉండాలంటున్నాం.

ఇక మా కోరికలు.

సైనిక ఆసుపత్రుల్లో ఉన్న ప్రతి న్యూరాలజిస్టునూ, హోదాతో నిమిత్తం లేకుండా, అయిదేళ్లకోసారి నిజమైన రోగుల దగ్గర పరీక్షించాలి. ఇద్దరు పరీక్షకులు ఉండాలి. ఒకరు సైనిక వైద్య సేవలవారు, రెండోవారు బెంగళూరు నిమ్హాన్స్, హైదరాబాద్ నిమ్స్, తిరువనంతపురం శ్రీచిత్ర, ఢిల్లీ ఎయిమ్స్ లాంటి చోట్ల బోధిస్తున్న న్యూరాలజిస్టు. పరీక్షకు పెట్టే రోగులు రకరకాలుగా ఉండాలి. సైనికులకు ఎక్కువగా వచ్చే ఈ బాధలవాళ్లు వాళ్లలో తప్పక ఉండాలి: ఎత్తుల మీద మెదడు వాపు, పేలుడు దెబ్బ, తల గాయం తర్వాత జ్ఞాపకశక్తి తగ్గడం, చేతి నరం తెగడం. మంచం పక్కన జరిగిన పరీక్షతో పాటు, ఆ డాక్టరు గతంలో రాసిన కేస్ షీట్లలో కొన్నిటిని ఏ వరసా లేకుండా తీసి చదవాలి. మంచి రోజున మంచి పరీక్ష ఎవరైనా చేసి చూపగలరు, మామూలు రోజున ఏం చేస్తున్నారో కేస్ షీటే చెబుతుంది.

ఫిట్స్ కేసులో చూసినవాళ్ల మాట రాయకుండా మెడికల్ బోర్డు కాగితం పూర్తి కాకూడదు. భార్య అయినా, తోటి జవానైనా, బారక్‌లో పక్క మంచం కుర్రాడైనా సరే, వాళ్లు చూసింది వాళ్ల మాటల్లోనే రాయాలి. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. వీడియో తీసి ఉంటే దాన్ని చూసి, చూసినట్టు రాయాలి. ఉత్తరాదిన ఉన్న ఆసుపత్రికి మా ఊరి ఆడబిడ్డ వెళ్లి హిందీ రాక, ఇంగ్లీషు రాక గోడకు ఆనుకుని నిలబడితే ఆవిడ చూసింది ఎవరికీ అందదు. తెలుగు వచ్చినవాళ్లు ఆ ఆసుపత్రిలో లేకపోతే ఫోనులో ఆవిడ చేత మాట్లాడించి రాసుకోవడానికి ఏ ఖర్చూ లేదు. తమిళులకు, ఒడియావాళ్లకు, నాగాలకు కూడా ఇదే జరగాలి. న్యూరాలజిస్టు నైపుణ్యాన్ని అంచనా వేసేటప్పుడు ఈ ఒక్క అలవాటుకు ఎక్కువ మార్కులు పెట్టండి.

ఎన్ఏఎన్ఏ అని రాసే ప్రతి నరాల కేసులోనూ కారణం రాయాలి. ‘పుట్టుకతో వచ్చిన తత్వం’ అన్న మాట కారణం కాదు. ఏ పరీక్ష వల్ల ఆ అభిప్రాయానికి వచ్చారు, తల గాయం ఉంటే దాన్ని ఎందుకు లెక్కలోకి తీసుకోలేదు, ఎత్తులో ఎంతకాలం ఉన్నాడు అన్నవి రాసి న్యూరాలజిస్టు తన పేరుతో సంతకం చెయ్యాలి. నకలు జవానుకు ఆ రోజే ఇవ్వాలి.

అప్పీలులోనో సాయుధ దళాల ట్రిబ్యునల్‌లోనో బోర్డు అభిప్రాయం నిలవనప్పుడు ఆ తీర్పు నకలు అభిప్రాయం రాసిన డాక్టరుకు చేరాలి. ఇది మాకు అన్నిటికన్నా ముఖ్యం. జవాను ఏళ్ల తరబడి పోరాడి గెలుస్తాడు, పింఛను బకాయిలు వస్తాయి. అప్పటికి ఆ డాక్టరు వేరే ఆసుపత్రిలో, వేరే హోదాలో ఉంటారు. తన నిర్ధారణ తప్పని తేలిన సంగతి ఆయన చెవిన పడకపోతే రేపు ఇంకో జవాను కేసులో అదే రాస్తారు. తప్పు తెలిస్తే కదా దిద్దుకునేది. ఇలా తిరగబడిన నరాల కేసులను ఏడాదికోసారి న్యూరాలజిస్టులంతా కూర్చుని, పేర్లు తీసేసి, చర్చించుకోవాలి.

ఇక పక్షవాతం విషయం. మెదడు రక్తనాళం పూడుకుపోయినప్పుడు గడ్డను కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల లోపు పడాలి. ఒక్కో నిమిషానికి మెదడులో 19 లక్షల కణాలు పోతాయని 2006లో లెక్కగట్టారు. పలివెల నుంచి విశాఖపట్నం నేవీ ఆసుపత్రి ఐఎన్‌హెచ్ఎస్ కళ్యాణి రెండు వందల కిలోమీటర్ల పైమాట. ఆ సమయంలో అక్కడికి చేరి ఇంజక్షన్ వేయించుకోవడం అయ్యేపని కాదు, దగ్గరి ఆసుపత్రికే పోతాం. అందుకే 2003 ఏప్రిల్ 1న మొదలైన ఈసీహెచ్ఎస్, అంటే మాజీ సైనికుల వైద్య పథకం, మాకు ప్రాణాధారం. ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌లో ఉన్న డాక్టరు ఫోనులో సైనిక ఆసుపత్రి న్యూరాలజిస్టుతో అప్పటికప్పుడు మాట్లాడి స్కాన్ చూపించి సలహా తీసుకునే ఏర్పాటు చెయ్యండి. ప్రతి సైనిక ఆసుపత్రిలోనూ పక్షవాతం రోగి గుమ్మంలోకి వచ్చిన నిమిషం నుంచి ఇంజక్షన్ పడిన నిమిషం దాకా ఎంత పట్టిందో రాసి, ఆసుపత్రి వారీగా ఏటా వెల్లడించండి. ఒక డాక్టరు తెలివికన్నా ఒక ఆసుపత్రి పద్ధతిని అది ఎక్కువ చెబుతుంది.

పోస్టింగుల గురించి కూడా చెప్పాలి. సైనిక వైద్యుడు హోదా పెరిగేకొద్దీ పాలనా పదవుల్లోకి వెళతారు. కొన్నేళ్లు ఫైళ్లు చూసి మళ్లీ వార్డుకు వచ్చినప్పుడు, పెద్ద ఆసుపత్రిలో కొంతకాలం రోగులను చూస్తూ చేతిని తిరిగి సాధన చేసుకున్న తర్వాతే బోర్డుల్లో కూర్చోబెట్టాలి. ఇది అవమానం కాదు. రైఫిల్ పట్టి చాలాకాలమైన జవానును రేంజికి తీసుకెళ్లి కాల్పించకుండా సరిహద్దు పోస్టుకు ఎవరూ పంపరు.

ఈ పరీక్ష ఫలితాన్ని పై అధికారులు ఏటా రాసే రహస్య నివేదిక ఏసీఆర్‌లోకి ఎక్కించవద్దని మాలో చాలామంది అభిప్రాయం. ఎక్కిస్తే ప్రమోషన్ భయంతో డాక్టర్లు కష్టమైన కేసులను పక్కకు నెడతారు, తేలికైనవాటిని ఎంచుకుంటారు. మొదటిసారి లోపం కనబడితే శిక్షణ ఇవ్వండి. రెండోసారీ అదే కనబడితే, సరిదిద్దుకునేదాకా ఆయన్ని మెడికల్ బోర్డు నిర్ణయాలకు దూరంగా ఉంచండి. రోగుల్ని ఒక సీనియర్ పర్యవేక్షణలో చూడనివ్వండి. బాగా చేసినవాళ్లను మిగతా ఆసుపత్రుల్లో పరీక్షకులుగా పంపండి. శ్రద్ధగా ముప్పావుగంట రోగిని చూసే డాక్టరు, అయిదు నిమిషాల్లో కేసు ముగించే డాక్టరు లెక్కల్లో ఒకేలా కనబడడం మంచి డాక్టరుకు జరుగుతున్న అన్యాయం.

సైన్యంలో న్యూరాలజిస్టుల సంఖ్య తక్కువ అని, ఉన్నవాళ్ల మీద పని ఒత్తిడి ఎక్కువ అని మాకు తెలుసు. అందుకే అందరినీ ఒక్కసారిగా పరీక్షించమనడం లేదు. ఒక కమాండ్ ఆసుపత్రిలో మొదలుపెట్టి, ఏడాది నడిపి, లోటుపాట్లు చూసుకుని మిగతాచోట్లకు తీసుకెళ్లండి. సికింద్రాబాద్ మిలిటరీ ఆసుపత్రి, విశాఖ నేవీ ఆసుపత్రి మా ప్రాంతపు జవాన్లు ఎక్కువగా వెళ్లేవి కాబట్టి అలా విస్తరించే తొలి దశలోనే వాటిని చేర్చాలని ప్రత్యేకంగా కోరుతున్నాం. పరీక్ష విధానం తయారుచేసే కమిటీలో మాజీ సైనికుల కుటుంబాల నుంచి ఒక స్త్రీకి చోటు ఇవ్వండి. ఫిట్స్ వచ్చిన రాత్రి మేలుకుని చూసేది వాళ్లే.

నరాల జబ్బుతో బోర్డు అవుట్ అయినవాడు రెండో న్యూరాలజిస్టు అభిప్రాయం కోరితే, అదే ఆసుపత్రిలో కాకుండా వేరే చోట, వేరే డాక్టరు దగ్గర, ప్రభుత్వ ఖర్చుతో ఇప్పించండి. ఇప్పటికే ఎన్ఏఎన్ఏ ముద్రతో ఇంటికొచ్చి కోర్టు మెట్లెక్కే స్తోమత లేక ఊరుకున్నవాళ్ల కేసులను, తల గాయం ప్రస్తావన ఉన్న కేస్ షీట్లు ముందుగా తీసుకుని, తిరిగి చూడండి. అలాంటివాళ్లు మా ఊళ్లలో ఉన్నారు. డిశ్చార్జి బుక్కులు, బోర్డు కాగితాలు అట్టపెట్టెల్లో భద్రంగా ఉన్నాయి. తమరు పిలిస్తే తీసుకొస్తాం.

ఈ వినతిపత్రం మీద తీసుకున్న చర్యను జిల్లా కలెక్టర్ గారి ద్వారా రాతపూర్వకంగా మాకు తెలియజేయాలని ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
తమ విధేయులు,
పలివెల, పరిసర గ్రామాల మాజీ సైనికులు, వారి కుటుంబ సభ్యులు.
కొత్తపేట మండలం, డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా.

నకలు: జిల్లా సైనిక సంక్షేమ అధికారి గారికి, స్థానిక పార్లమెంటు సభ్యులు, శాసనసభ్యుల వారికి.